పోరంకి ఫ్లాటా, కంకిపాడు స్థలమా, గన్నవరం గేటెడ్ కమ్యూనిటీయా?

ప్రశ్న సారాంశం ఇది. విజయవాడ సత్యనారాయణపురంలో చాలాకాలంగా అద్దె ఇంట్లో ఉంటున్న దంపతులు మరో నాలుగేళ్ళలో ఉద్యోగ విరమణ చేయబోతున్నారు. పొదుపు, కొంత బ్యాంకు రుణం కలుపుకుని 75 లక్షల వరకు పెట్టగలరు. మూడు అవకాశాలు వారి ముందున్నాయి: కంకిపాడు దాటిన తరువాత ఒక వెంచరులో 200 గజాల స్థలం, పోరంకిలో పదేళ్ళ నాటి గ్రూప్ హౌస్‌లో రెండు పడకగదుల ఫ్లాటు, గన్నవరం వైపు ఇంకా కట్టుబడిలో ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు. అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి కాబట్టి ఏది కొన్నా రెట్టింపు అవుతుందని ఏజెంట్లు చెబుతున్నారనీ, అందులో నిజమెంతో చెప్పాలనీ కూడా అడిగారు.

నేను దస్తావేజు లేఖరిగా పని మొదలుపెట్టి, తరువాత బిల్డర్ల తరఫునా, కొనుగోలుదారుల తరఫునా టైటిల్ పరిశీలన చేసినవాడిని. ఇప్పుడు కానూరులో మేముండే గ్రూప్ హౌస్ సంఘానికి కార్యదర్శిగా ఉంటున్నాను. రెండు వైపుల నుంచీ చూసిన అనుభవంతో చెప్పేది ఒక్కటే. మీ పేరున రిజిస్టరయ్యే దస్తావేజు మీ ఇంటి గోడ దగ్గర ఆగిపోతుంది. శివారులో మీ దినచర్యను నడిపేవి, పదేళ్ళ తరువాత మీ ఆస్తికి ధర కట్టేవి మాత్రం గోడ బయట ఉంటాయి: రోడ్డు, మురుగు కాలువ, మంచినీళ్ళు, పార్కుకని వదిలిన స్థలం, లిఫ్టు, సంపు. ఇవి ఎవరి పేరున ఉన్నాయి, ఎవరికి అప్పగించారు, ఎవరి ఖర్చుతో నడుస్తున్నాయి అన్నది తేలకుండా మూడింటిలో ఏది మేలని చెప్పడం కుదరదు. సత్యనారాయణపురంలో ఈ ప్రశ్న మీకెప్పుడూ ఎదురుకాలేదు, ఎందుకంటే అక్కడ రోడ్డూ నీళ్ళూ మురుగూ నగరపాలక సంస్థ బాధ్యత. శివారులో అవి చాలాకాలం ఎవరి బాధ్యతా కాకుండా ఉండిపోతాయి.

మొదట నీటి సంగతి చూద్దాం. విజయవాడ చుట్టూ స్థలం కొనేవారు ధర గురించి అడిగినంతగా మట్టం గురించి అడగరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ మరుసటి రోజున ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు వరదను మించిన ప్రవాహం అది. ఒకే వారంలో నగరానికి ఉత్తరాన ఏరు, దక్షిణాన నది రెండూ పొంగినా, నష్టం ఎక్కువగా జరిగింది ఏటి వైపే. కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ చాలావరకు కాపాడింది. బుడమేరు ఎక్కువ కాలం ఎండిపోయినట్టు కనిపించే ఏరు కాబట్టి, దాని గట్ల మీదా లోపలా కట్టుకుంటూ పోయారు. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర మళ్ళించగా మిగిలిన నీరు ఆ పాత దారినే వెతుక్కుంటూ ఎనికేపాడు వైపుగా సాగి కొల్లేరు చేరాలి. కనుక గన్నవరం రోడ్డులో రామవరప్పాడు నుంచి ముందుకు ఏ స్థలం చూసినా, అది బుడమేరుకు గానీ దానిలో కలిసే డ్రెయిన్లకు గానీ ఎంత దూరంలో ఉందన్నది మొదటి ప్రశ్న. ఇంటికీ జాతీయ రహదారికీ ఎంత దూరమన్నది ఆ తరువాత.

పోరంకి, పెనమలూరు, కంకిపాడు వైపు సమస్య వేరుగా ఉంటుంది. అది బందరు కాలువ కింద సాగైన మాగాణి. వరిపొలాలకు నీరు నిలవడమే కావాలి కాబట్టి పొలం పల్లంగానే ఉంటుంది. వెంచరు వేసేవాడు దాని మీద గ్రావెలో బుసకో తోలించి రోడ్డు మట్టానికి తెస్తాడు. పక్క వెంచరువాడు ఇంకో అడుగు ఎక్కువ తోలిస్తాడు. ఆ తరువాత ఆర్ అండ్ బీ వారు రోడ్డును మళ్ళీ ఎత్తు చేస్తారు. చివరికి ముందుగా ఇల్లు కట్టుకున్నవాడి గుమ్మం అందరికంటే పల్లంలో పడుతుంది. పోరంకి, తాడిగడప లోపలి వీధుల్లో నడిస్తే రోడ్డు నుంచి రెండు మెట్లు దిగి లోపలికి వెళ్ళే పాత ఇళ్ళు కనిపిస్తాయి. కట్టినప్పుడు అవి రెండు మెట్లు ఎక్కి వెళ్ళే ఇళ్ళే.

పొలానికి నీళ్ళు తెచ్చిన పంట బోదె, పొలం నుంచి నీళ్ళు తీసుకుపోయిన మురుగు బోదె వెంచరు వేశాక ఏమయ్యాయో అడగండి. వాటిని పూడ్చి పైన ప్లాట్లు వేసి ఉంటే, పైనున్న పొలాల నీరు మొదటి పెద్ద వానకే మీ వీధిలోకి వస్తుంది. దీన్ని కాగితం మీద తేల్చుకునే దారి ఉంది. ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (రెవెన్యూ వారి కొలతల పటం) నకలు తీసుకుని, దాన్ని వెంచరు ప్లాను పక్కన పెట్టి చూడాలి. ఎఫ్ఎంబీలో డొంక (పొలాల మధ్య పాత బండ్ల దారి), బోదె, కుంట, వాగు అని గుర్తులుండి, ప్లానులో ఆ చోట ప్లాటు నంబరు ఉంటే ఆ వెంచరు గేటు దాటి వెనక్కి వచ్చేయడం మంచిది. డొంక మీద వేసిన ప్లాటు ప్రభుత్వ భూమి మీద వేసిన ప్లాటే. కాగితం కాక మనిషిని అడగాలంటే, ఏజెంటునూ పక్క ప్లాటు యజమానినీ వదిలిపెట్టి, ఆ కాలువకు నీరు వదిలే లస్కరునో, పక్క పొలం కౌలు రైతునో అడగండి. నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో వారికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు, పైగా మీకు అమ్మవలసిన అవసరం వారికి లేదు.

మెరక తోలిన స్థలంలో ఇల్లు కట్టుకోదలచిన వారికి ఒక హెచ్చరిక. పోసిన మట్టి సర్దుకోవడానికి వానాకాలాలు గడవాలి. పునాది ఆ పోసిన మట్టిలో ఆగకుండా కింద సహజమైన గట్టి నేల వరకు దిగాలి. డెల్టా బంకమన్ను, అమరావతి–గుంటూరు వైపు నల్లరేగడి రెండూ తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే నేలలే. మట్టి పరీక్ష చేయించకుండా మేస్త్రీ మాట మీద పునాది లోతు నిర్ణయించుకున్న ఇళ్ళకు మూడో ఏట గోడల్లో అడ్డంగా వచ్చే బీటలను చాలా చూశాం. పరీక్ష ఖర్చు మొత్తం కట్టుబడి ఖర్చులో లెక్కకు రానంత చిన్నది.

ఇక మీ మొదటి అవకాశమైన స్థలం దగ్గరకు వద్దాం. ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్న మాట విజయవాడ–గుంటూరు చుట్టుపక్కల ఇప్పటికీ బోర్డుల మీద కనిపిస్తుంది. సర్పంచి సంతకంతో లేఅవుట్ చెల్లదు. దానికి పట్టణ ప్రణాళికా విభాగపు సాంకేతిక ఆమోదం, ఈ ప్రాంతంలో అయితే ఒకప్పటి పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడా లేదా 2014 చట్టంతో దాని స్థానంలో వచ్చిన సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి సంఖ్య, ఉండాలి. ఆ నంబరు బ్రోచరులో ఉంటే సరిపోదు. అదే నంబరుతో సీఆర్‌డీఏ కార్యాలయంలో ఆమోదించిన ప్లాను నకలు చూసి, మీకు చూపుతున్న ప్లాటు అందులో ప్లాటుగానే ఉందా, పార్కుగా ఉందా అని సరిపోల్చుకోవాలి. ఆమోదిత లేఅవుట్‌లో కనీసం 10 శాతం భూమిని ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని కూడా స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా అప్పగించాలి. రోడ్లు, డ్రెయిన్లు, దీపాలు పూర్తిచేసేదాకా కొన్ని ప్లాట్లను పూచీగా తనఖా పెట్టాలి కూడా. తుది లేఅవుట్ విడుదలైతేనే ఆ తనఖా తీరినట్టు. మీకు అమ్మజూపుతున్న ప్లాటు ఆ తనఖాలో ఉన్నదే అయితే, ధర గజానికి ఎంత తక్కువ చెప్పినా అది మీకు తక్కువ కాదు.

దానపత్రం విషయం మీద నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. అప్పగింత జరగని వెంచరులో పంచాయతీ వీధి దీపం వేయదు, చెత్త తీయదు, రోడ్డు గుంత పూడ్చదు. అది ప్రైవేటు భూమి అంటుంది. డెవలపరు అమ్మకాలు పూర్తిచేసుకుని వెళ్ళిపోయాక, పార్కు స్థలం రికార్డుల్లో పాత పట్టాదారు పేరునే ఉండిపోతుంది. ఆయన వారసులు భూమి ధర పెరిగాక దాన్ని ప్లాట్లు వేసి అమ్మిన సందర్భాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. నివాసులు కోర్టుకు వెళితే గెలవవచ్చు, కానీ అప్పటికి పిల్లలు ఆడుకునే వయసు దాటిపోతారు. వెంచరు చివర పక్క భూమిలోకి పోయే రోడ్డు ఉంటే అది కూడా చూడండి. డెవలపరు రెండో దశ అంటూ ఆ పక్క భూమిని కొని, మీ రోడ్డునే దానికి దారిగా వాడుకునే ఏర్పాటు అది. అందులో తప్పేమీ లేదు గానీ, ‘ప్రశాంతమైన చివరి వీధి’ అని ఎక్కువ ధర పెట్టి కొన్నవారు తరువాత బాధపడతారు.

అనధికార లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకాలు ప్రభుత్వం అప్పుడప్పుడూ తెస్తుంది. అవి ఇప్పటికే కొని ఇరుక్కున్నవారి కోసం. వాటిని నమ్ముకుని కొత్తగా కొనడం తగదు. క్రమబద్ధీకరణ రుసుము మీ ప్లాటుకు ఇంటి ప్లాను ఆమోదం తెస్తుందే తప్ప, లేని పార్కును, వేయని డ్రెయినును తీసుకురాదు.

అమరావతి ప్రస్తావన తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. 2014 చివరలో రాజధాని ప్రాంతం ప్రకటించగానే తుళ్ళూరు నుంచి గన్నవరం వరకు ధరలు ఎగబాకాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవారు మాయమయ్యారు. 2024 తరువాత మళ్ళీ కదలిక వచ్చింది. పదేళ్ళలో రెండుసార్లు తిరిగిన ఈ చక్రంలో లాభపడినవారు ఆగగలిగినవారు. నష్టపోయినవారు పిల్ల పెళ్ళికో చదువుకో ఒక నిర్ణీత సంవత్సరంలో డబ్బు కావలసి వచ్చినవారు. మీరు నాలుగేళ్ళలో విరమణ పొందబోతున్నారు, అంటే మీరు రెండో జాబితాకు దగ్గరగా ఉన్నారు. పడమటి బైపాస్, ఎయిమ్స్ వంటివి కళ్ళ ముందు ఉన్నాయి, వాటి ప్రభావం ఇప్పటికే ధరలో కలిసిపోయింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే అని చెప్పే వెంచరులో మాత్రం ఆ రోడ్డు గీత మీ ప్లాటు పక్క నుంచి పోతుందా, మీదుగా పోతుందా అని ముందు కనుక్కోండి. రోడ్డు పక్కనున్న ప్లాటుకు ధర వస్తుంది. రోడ్డు మీదుగా పోయే ప్లాటుకు భూసేకరణ నోటీసు వస్తుంది.

గన్నవరం వైపు కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు రక్షణగా 2016 నాటి రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటి, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లున్న ప్రాజెక్టు రెరాలో నమోదు కాకుండా ప్రకటనే ఇవ్వరాదు. కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు భూమికీ కట్టుబడికీ మాత్రమే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. స్వాధీనం ఇచ్చాక ఐదేళ్ళలోపు కట్టడపు లోపాలు బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలి. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే వడ్డీతో సహా సొమ్ము వెనక్కి అడిగే హక్కు మీకు ఉంది. ఇవన్నీ మంచి నిబంధనలే గానీ, మీరు కాగితం మీద చెల్లించిన సొమ్ముకే వర్తిస్తాయి. విజయవాడలో ‘ఇంత వైటు, ఇంత నగదు’ అనే అలవాటు ఇంకా పోలేదు. ఆస్తి లావాదేవీలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు. అంతకంటే ముఖ్యంగా, నగదుగా ఇచ్చిన భాగాన్ని రెరా ముందు నిరూపించుకోలేరు. ప్రాజెక్టు ఆగిపోతే మీకు తిరిగివచ్చేది రసీదు ఉన్నంత వరకే.

రెరా వెబ్‌సైటులో నమోదు సంఖ్య ఉందో లేదో చూసి ఊరుకోకండి. బిల్డరు అక్కడ ఇచ్చిన గడువు తేదీ, ఎన్ని బ్లాకులకు నమోదు చేశారు, మూడు నెలలకోసారి ఇవ్వవలసిన పురోగతి వివరాలు ఇచ్చారా, భూమి ఎవరి పేరున ఉంది అన్నవి కూడా చూడండి. మన దగ్గర చాలా ప్రాజెక్టులు స్థల యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద నడుస్తాయి. అప్పుడు ఏ అంతస్తులో ఏ ఫ్లాటు బిల్డరు వాటా, ఏది యజమాని వాటా అన్నది రిజిస్టరైన అనుబంధ ఒప్పందంలో ఉంటుంది. మీకు అమ్ముతున్నది ఎవరి వాటాలోని ఫ్లాటో ఆ ఒప్పందంలోనే చూడాలి. యజమాని వాటా ఫ్లాటును బిల్డరు అడ్వాన్సు తీసుకుని అమ్మజూపిన వ్యవహారాలు రాజీకి రావడానికి ఏళ్ళు పట్టడం నేను చూశాను. జీఎస్టీ కూడా లెక్కలోకి తీసుకోండి: కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు సాధారణంగా 5 శాతం, పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక అమ్మితే ఏమీ లేదు. ఆ 5 శాతం పోను గడువు దాటే ప్రమాదం, ఈలోగా కట్టే అద్దె రెండూ కలిపి చూసుకుంటే, ముందే కొన్నందుకు ఇచ్చే తగ్గింపు చాలాసార్లు మిగలదు.

పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది క్లబ్ హౌస్ కాదు, మురుగునీటి శుద్ధి ప్లాంటు. శివారు పంచాయతీల్లో భూగర్భ డ్రైనేజీ లేదు. వందల ఫ్లాట్ల నీరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు జవాబు ఆ ప్లాంటే. నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి షరతుల్లో ఇది ఉంటుంది. ప్లాంటు కట్టడం ఒక సంగతి, కరెంటు బిల్లు కట్టి రోజూ నడపడం మరో సంగతి. ఇదివరకే అదే బిల్డరు పూర్తిచేసిన కమ్యూనిటీకి వెళ్ళి, ప్లాంటు ఉన్న మూలకు నడిచి చూడండి. అది నడుస్తోందో లేదో చెప్పడానికి ముక్కు చాలు.

ఇప్పుడు పోరంకి ఫ్లాటు. పాత ఫ్లాటులో ఉన్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, జరగవలసిన తప్పులు ఇప్పటికే జరిగిపోయి కళ్ళకు కనిపిస్తూ ఉంటాయి. స్లాబు కారుతోందా, పై ఫ్లాటు బాత్రూము నీరు మీ గోడలోకి దిగుతోందా, వేసవిలో బోరు ఎండుతోందా అన్నవి చూస్తే తెలుస్తాయి, అడిగితే చెబుతారు. ఈ వైపు బోర్లకు కాలువలే ప్రాణం. కాలువలకు నీరు వదిలిన నెలల్లో నిండుగా ఇచ్చే బోరు, కాలువ కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో ఎలా ఉంటుందో అడగాలి. ట్యాంకరు బిల్లులు సంఘం ఖాతా పుస్తకంలో ఉంటాయి. మాట కంటే ఆ బిల్లులు ఖచ్చితంగా జవాబిస్తాయి.

ఆమోదించిన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో, నేల మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మేడ మీద ‘పెంట్‌హౌస్’ అని అదనంగా వేసిన ఫ్లాట్లు మన ప్రాంతంలో అరుదు కాదు. మీది ఆ ఫ్లాటు కాకపోయినా దాని భారం మీ మీద ఉంటుంది. ఎందుకంటే అదనపు ఫ్లాటు వచ్చినకొద్దీ భూమిలో మీ అవిభాజ్య వాటా (విడదీయని ఉమ్మడి స్థలంలో మీ భాగం) మీద వివాదం పెరుగుతుంది. ఈ వాటా లెక్కను కొనేవారు సరిగా చూడరు. 1,200 గజాల స్థలంలో సమానమైన 30 ఫ్లాట్లుంటే ఒక్కొక్కదానికి 40 గజాలు రావాలి. మీ దస్తావేజులో 28 అని ఉంటే మిగిలిన 12 గజాలు ఎవరి దగ్గర ఉండిపోయాయో అడగాలి. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే మొత్తం స్థలానికి సరిపోవాలి. సరిపోకపోతే, భవనం పాతబడి తిరిగి కట్టే రోజున ఆ మిగులు వాటాదారు ముందుకు వస్తాడు. నలభై ఏళ్ళ తరువాత గోడలకు విలువ ఉండదు, ఆ గజాలకే ఉంటుంది.

పార్కింగు గురించి కూడా ముందే తేల్చుకోండి. స్టిల్ట్ పార్కింగు (భవనం కింద స్తంభాల మధ్య వదిలిన చోటు) ఉమ్మడి స్థలంలో భాగమనీ, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోలేడనీ 2010లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన ఒక కేసులో చెప్పింది. అయినా మన దగ్గర ‘కారు పార్కింగుతో సహా’ అని కొన్ని దస్తావేజుల్లో రాసి, కొన్నింటిలో రాయకుండా వదిలేస్తారు. ఫ్లాట్లు ముప్పై, కార్లు పట్టేది ఇరవై రెండు అయినప్పుడు సంఘం సమావేశాల్లో తొంభై పాళ్ళు ఈ ఒక్క గొడవే నడుస్తుంది. మీకు ఏ చోటు అన్నది నంబరుతో సహా దస్తావేజులో ఉండేలా చూసుకోండి. అమ్మేవారి దస్తావేజులోనే అది లేకపోతే, సంఘం తీర్మానం నకలైనా తీసుకోండి.

ఇక సంఘం గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే పోరంకి ఫ్లాటు కొంటే మీరు నిజంగా చేరేది అందులోనే. సంఘం రిజిస్టరయిందా, లేక వాచ్‌మన్ జీతం వసూలు చేసే నలుగురి ఏర్పాటుగా మిగిలిందా అన్నది మొదటి ప్రశ్న. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘానికి బ్యాంకు ఖాతా ఉంటుంది, ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు చూపాలి. బకాయి పడ్డవారి మీద చర్యకు దిగాలన్నా, లిఫ్టు కంపెనీతో ఒప్పందం రాసుకోవాలన్నా ఆ హోదా కావాలి. బిల్డరు ఉమ్మడి స్థలాల పత్రాలను, ప్లాన్లను, లిఫ్టు, జనరేటరు కాగితాలను సంఘానికి అప్పగించాడా అన్నది రెండో ప్రశ్న. పదేళ్ళ నాటి భవనాల్లో చాలాచోట్ల ఇది జరగలేదు. మేడ మీద సెల్ టవరు అద్దె ఇప్పటికీ బిల్డరుకో స్థల యజమానికో పోతూ ఉంటే, అప్పగింత జరగలేదని అర్థం.

స్థల యజమాని కుటుంబం సంగతి వేరుగా చెప్పుకోవాలి. వాటాగా వచ్చిన ఎనిమిదో పదో ఫ్లాట్లు వారి చేతిలోనే ఉంటే సంఘంలో వారి మాటే చెల్లుతుంది. కొందరు ఆ పలుకుబడితోనే భవనాన్ని చక్కగా నడిపిస్తారు. మరికొందరు ‘స్థలం మాది’ అనే మాటతో మెయింటెనెన్సు కట్టరు. అమ్ముడుపోని ఫ్లాట్లకు బిల్డరు కట్టకపోవడం కూడా ఇలాంటిదే. ఆ లోటును కట్టేవారే మోస్తారు. నెలవారీ రుసుము ఎంత అని అడిగే బదులు, ఎంతమంది నుంచి ఎన్ని నెలల బకాయి ఉందని అడగండి. రుసుము తక్కువగా ఉండి, లిఫ్టు వార్షిక ఒప్పందం లేక, రంగులు వేయించి పదేళ్ళయిన భవనం మీకు చవకగా పడదు. మీరు చేరిన ఏడాదే ఒక్కో ఫ్లాటుకూ పెద్ద మొత్తం వేసి అడుగుతారు.

ఒక సాయంత్రం ఎనిమిది గంటల ప్రాంతంలో వెళ్ళి ఎన్ని ఫ్లాట్లలో దీపాలు వెలుగుతున్నాయో చూడడం కూడా పనికొస్తుంది. మన శివారుల్లో పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి, తాళం వేసిన ఫ్లాట్లు, అద్దెకిచ్చిన ఫ్లాట్లు కలిసి సగానికి పైగా ఉండే భవనాలు ఉన్నాయి. అద్దెవారు ఉండడం లోపం కాదు. మీరూ ఇన్నేళ్ళు అద్దెవారే. కానీ సమావేశానికి వచ్చే సొంతదారులు ఐదారుగురే అయితే ఏ నిర్ణయమూ జరగదు. విరమణ తరువాత పగలంతా ఇంట్లోనే ఉండబోయే మీకు పక్కింట్లో మనిషి ఉండడం, నడిచివెళ్ళే దూరంలో మందుల షాపూ కూరల బజారూ ఉండడం, బందరు రోడ్డు మీద బస్సు దొరకడం చిన్న విషయాలు కావు. పోరంకికి ఆ అనుకూలత ఉంది. కానూరు, యనమలకుదురు, తాడిగడపలతో కలిసి అది ఇప్పుడు పురపాలక సంఘం కాబట్టి చెత్తకూ దీపాలకూ అడగడానికి ఒక కార్యాలయమూ ఉంది. కంకిపాడు దాటిన వెంచరులో మొదటి ఇల్లు మీదే అయితే ఇవేవీ చాలాకాలం ఉండవు.

టైటిల్ కాగితాల మాట క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీరు స్వయంగా చేసే పని కాదు. అమ్మేవారి తరఫు కాని న్యాయవాది చేయాలి. కంప్యూటర్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల పత్రం) 1983 నుంచి మాత్రమే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విడిగా అడగాలి. లింకు దస్తావేజులు (అంతకు ముందు చేతులు మారినప్పటి పత్రాలు) ఫోటో కాపీలు కాక అసలువి చూడాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడాలి, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన), దేవాదాయ, వక్ఫ్ భూములు అందులోనే చిక్కుతాయి. కేవలం జీపీఏ (సాధారణ అధికార పత్రం) మీద చేతులు మారిన ఆస్తిని ముట్టుకోవద్దు. అలాంటి బదిలీతో యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు రుణం మంజూరైంది కాబట్టి టైటిల్ మంచిదే అనుకోవద్దు. బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత, మీ పార్కు స్థలం కాదు.

డబ్బు లెక్కలో రిజిస్ట్రేషను ఖర్చును మరచిపోకండి: స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను రుసుము 1, మొత్తం 7.5 శాతం. 60 లక్షల ఫ్లాటుకు ఇదే నాలుగున్నర లక్షలు. ధర 50 లక్షలు చేరితే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో 1 శాతం పన్నుగా మినహాయించి జమ చేయవలసిన బాధ్యత కొనేవారిదే. ఉద్యోగ విరమణ దగ్గరపడుతున్నందువల్ల రుణం కాలపరిమితి తగ్గి నెలవాయిదా పెరుగుతుంది. అందుకే 75 లక్షలూ ఒకే చోట పెట్టకుండా, లిఫ్టు మార్పిడి, రంగులు, వైద్యం వంటివాటికి పది లక్షల దాకా చేతిలో ఉంచుకోమంటాను.

ఇవన్నీ కలిపి చూస్తే మీ వయసుకూ అవసరానికీ నా మొదటి మొగ్గు పోరంకి ఫ్లాటు వైపు. దానికి మూడు షరతులున్నాయి: అవిభాజ్య వాటా లెక్క సరిపోవాలి, సంఘం రిజిస్టరై లెక్కలు చూపగలగాలి, 2024 సెప్టెంబరులో ఆ వీధిలోకి నీరు ఎంతవరకు వచ్చిందో ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే మాట చెప్పాలి. గన్నవరం ఫ్లాటు నచ్చితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టుబడి పూర్తయి నివాసానికి పనికొస్తుందన్న ధ్రువపత్రం) వచ్చాక కొనండి. కొంత ఎక్కువ పెట్టినా జీఎస్టీ ఉండదు, గడువు భయం ఉండదు, మురుగు ప్లాంటు నడుస్తోందో లేదో చూసి కొనవచ్చు. కంకిపాడు స్థలం ఇల్లు కట్టుకుని ఉండడానికి మీకు సరిపడదు. పిల్లల కోసం పెట్టుబడిగా అయితే, తుది లేఅవుట్ విడుదలై, పార్కు దానపత్రం నకలు చేతికి వచ్చిన వెంచరులో, అప్పు చేయకుండా, 200 బదులు చిన్న ప్లాటు తీసుకోండి.

పోరంకి ఫ్లాటుకు బయానా ఇచ్చే ముందు అమ్మేవారిని సంఘం కార్యదర్శి దగ్గరకు తీసుకువెళ్ళి, ఆ ఫ్లాటు మీద బకాయిలు లేవని రాతపూర్వకంగా తీసుకోండి. గత ఏడాది జమాఖర్చుల పట్టికనూ మినిట్స్ పుస్తకాన్నీ కూర్చుని చదవండి. ఏ విషయం మీద సమావేశం ఎన్నిసార్లు వాయిదా పడిందో ఆ పుస్తకంలోనే ఉంటుంది. పుస్తకం చూపడానికి కార్యదర్శి వెనకాడితే, అదే రోడ్డులో మరో రెండు గ్రూప్ హౌస్‌లు చూసిన తరువాతే నిర్ణయానికి రండి. ఆ వీధుల్లో అమ్మకానికి ఉన్న ఫ్లాట్లకు కొదవ లేదు.